మీ గ్రూపులో మా నంబరు

నంద్యాల, ఆళ్లగడ్డ నియోజకవర్గాల్లోని అన్ని పార్టీల నాయకులకు, మండల, గ్రామ, వార్డు బాధ్యులకు, ముఖ్యంగా వారి సోషల్ మీడియా పనులు చూసేవారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

"నచ్చకపోతే సెట్టింగు మార్చుకోన్నా, దానికింత గొడవ దేనికి?" అడక్కుండా గ్రూపులో ఎందుకు చేర్చారని నిలదీస్తే మీ మనుషులు చెప్పే జవాబు ఇది. అధికారంలో ఉన్నవాళ్ల నోటా ఇదే, దిగిపోయినవాళ్ల నోటా ఇదే. మీ మధ్య ఇంతటి ఏకాభిప్రాయం మరే విషయంలోనూ నేను చూడలేదు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల ఊసు వస్తే చాలు, వార్డుకొకటి, బూతుకొకటి, కులానికొకటి చొప్పున గ్రూపులు మొలుస్తాయి. పొద్దున లేచి ఫోను చూసుకుంటే మన నంబరు అందులో ఉంటుంది. పక్కన ముక్కూమొహం తెలియని వందల మంది ఉంటారు. ఎవరు చేర్చారో తెలుస్తుంది, ఎవరినడిగి చేర్చారో మాత్రం తెలియదు.

ఆ జవాబు నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో చెప్పే ముందు మీరన్న సెట్టింగు దగ్గరికే వెళ్దాం.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, అందులో ప్రైవసీ, అందులో గ్రూప్స్. మనల్ని ఎవరు గ్రూపుల్లో చేర్చవచ్చో అక్కడ ఎంచుకోవచ్చు. ఈ వీలు వచ్చింది 2019 ఏప్రిల్ మొదటి వారంలో. అదే నెల 11న మన రాష్ట్రంలో పోలింగు. అంతకు ముందు నంబరు తెలిసిన ఎవరైనా, ఎవరినైనా, ఎందులోనైనా వేసేయగలిగేవారు. ఇప్పటికీ మనం వేలు పెట్టి మార్చకపోతే అక్కడ ‘అందరూ’ అనే ఉంటుంది. ‘నా కాంటాక్ట్స్’ అని మార్చుకుంటే, మన ఫోనులో పేరు సేవ్ అయి ఉన్నవాళ్లు మాత్రమే చేర్చగలరు. మిగతావాళ్లు ఆహ్వానం పంపి అడగాలి, మూడు రోజుల్లో మనం ఒప్పుకోకపోతే అది చెల్లదు. కాంటాక్ట్స్‌లోనూ ఫలానా వాళ్లు వద్దని పేరు పేరునా తప్పించడమూ కుదురుతుంది.

వినడానికి బాగుంది. హైదరాబాదులో అపార్ట్‌మెంటులో ఉండేవాడికి ఇది సరిపోతుంది కూడా. కానీ రుద్రవరంలోనో, గోస్పాడులోనో, చాగలమర్రిలోనో ఉన్న మనిషి ఫోనులో ఎవరి నంబర్లుంటాయి? మాజీ సర్పంచు, ఎంపీటీసీ, రేషన్ డీలరు, ఎరువుల అంగడాయన, నీటి సంఘం పెద్ద, పొదుపు సంఘం లీడరు. వీళ్ల నంబర్లు లేకుండా ఊళ్లో పూట గడవదు. వీళ్లలో సగం మంది ఏదో ఒక పార్టీ మనుషులే. మమ్మల్ని గ్రూపుల్లో వేసేదీ వీళ్లే. దారిన పోయేవాణ్ణి ఆపే తాళం, తాళంచెవి ముందునుంచే చేతిలో ఉన్నవాణ్ణి ఎలా ఆపుతుంది?

సరే, వేశారు. బయటికి వచ్చేయవచ్చు కదా అంటారు. 2022 ఆగస్టులో వాట్సాప్ ఇంకో మార్పు ప్రకటించింది: గ్రూపులోంచి తప్పుకుంటే ఆ సంగతి అందరికీ చాటదు, అడ్మిన్లకు మాత్రమే చెబుతుంది. చప్పుడు చేయకుండా వెళ్లిపోవచ్చని గొప్పగా చెప్పుకుంది. కాలిఫోర్నియాలో కూర్చుని ఆలోచించినవాళ్లకు అడ్మిన్ అంటే విహారయాత్రకు మనుషుల్ని కూడగట్టే స్నేహితుడు కావచ్చు. మా ఊళ్లో అడ్మిన్ అంటే మీరు. ఎవరికి తెలియకూడదని అనుకుంటామో సరిగ్గా వాళ్లకే కబురు వెళుతుంది. అంతటితో పోదు. తప్పుకున్నవాళ్ల పేర్లు అరవై రోజుల వరకు గ్రూపు సభ్యులెవరైనా తెరిచి చూసుకోవచ్చు. "వాడు అటు పోయినాడంట" అన్న మాట సాయంత్రానికి టీకొట్టు దగ్గర తేలిపోతుంది. వాడు ఎటూ పోలేదు, రాత్రి పదకొండింటికి మీ నాయకుడి పుట్టినరోజు వీడియోలు మోగుతుంటే నిద్ర పట్టక తప్పుకున్నాడని ఎవరు నమ్ముతారు?

పైగా తప్పుకుంటే నష్టం కూడా ఉంది. సొసైటీకి యూరియా లారీ ఎప్పుడొస్తుందో, కేసీ కెనాల్ నీళ్లు ఎప్పుడు వదులుతారో, వైద్య శిబిరం ఎక్కడో కూడా అదే గ్రూపులో పడుతుంది. ఊరందరికీ దక్కాల్సిన కబురు అందుకోవడానికి రైతు ఏదో ఒక పార్టీ జెండా కింద ఎందుకు చేరాలి? అది మీ సొత్తా?

ఈ ప్రాంతానికి ఇది చిన్న సంగతి కాదని మీకు నేను చెప్పాలా? ఎవరు ఏ వేళకు ఇల్లు కదిలారు, ఏ బండెక్కారు, ఎవరింటి గడప తొక్కారు అన్న కబురు ప్రాణాల మీదికి తెచ్చిన రోజులు చూసిన తరం ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఇంకా బతికే ఉంది. సినిమావాళ్లు ఆ రోజుల్ని సుమోలు, నాటుబాంబులు చేసి అమ్ముకున్నారు గానీ, ఊళ్లలో అసలు భయం బాంబు గురించి కాదు, కబురు మోసే మనిషి గురించి. ఆ కక్షలు చాలావరకు చల్లారాయి, సంతోషం. ఎవరు ఎటువైపు అనే లెక్క మాత్రం చల్లారలేదు. ఆ లెక్క ఇప్పుడు ఫోనులో నడుస్తోంది, దాన్ని మా నంబర్లతో రాస్తున్నారు.

ఇంతకీ మా నంబరు మీకెక్కడిది? ఓటర్ల జాబితా బహిరంగ పత్రమే, కాదనను. అందులో పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. ఫోన్ నంబరు ఉండదు. మరి బూతు గ్రూపులో మా వీధి వీధంతా ఎలా దిగింది? మేం నంబరు ఇచ్చింది పెన్షన్ దరఖాస్తులో, రేషన్ కార్డు కోసం, డ్వాక్రా లోను కోసం, ఇంటి స్థలం కోసం, పంట నమోదు కోసం. అవి తీసుకున్నది ప్రభుత్వం. గ్రూపు పెట్టింది పార్టీ. ఈ రెండింటికీ మధ్య గోడ ఉండాలని రాజ్యాంగం మీద ప్రమాణం చేసిన మీకు వేరే చెప్పాలా?

మీరందరూ మర్చిపోయినట్టున్నారు గనక కొంత గుర్తు చేస్తాను. 2016 జులైలో ప్రజా సాధికార సర్వే అని ట్యాబులు పట్టుకుని ఇంటింటికీ వచ్చారు, కుటుంబంలో ఒక్కొక్కరి వివరాలూ ఎక్కించుకున్నారు. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతంతో సహా ఎవరికైనా కనబడేలా పడి ఉన్నాయి. ఆ సంగతి బయటపెట్టింది ప్రభుత్వం కాదు, శ్రీనివాస్ కొడాలి అనే స్వతంత్ర పరిశోధకుడు. ఆ జూన్‌లో ఇంకో వింత జరిగింది. అన్న సంజీవని మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో, వాళ్ల పేరు, ఫోన్ నంబరుతో సహా ప్రభుత్వ వెబ్‌సైటులోనే దర్శనమిచ్చాయి. అందులో మగతనం మాత్రలు కొనుక్కున్నవాళ్ల పేర్లూ ఉన్నాయి. ఆ మనిషి తన ఫేస్‌బుక్‌లో ఏ సెట్టింగు మార్చుకుని ఉంటే అది దాగేది? మీలో ఎవరైనా చెప్పగలరా?

2019 మార్చిలో సేవామిత్ర యాప్ వ్యవహారం. తెలుగుదేశం కోసం ఆ యాప్ నడిపిన ఐటీ గ్రిడ్స్ సంస్థ మీద సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. రెండు తెలుగు రాష్ట్రాలకు చెందిన 7.8 కోట్ల మంది ఆధార్ వివరాలు ఆ సంస్థ దగ్గర దొరికాయని ఆధార్ సంస్థే ఫిర్యాదు చేసింది. మా డేటానే దొంగిలించారని తెలుగుదేశం ఎదురు కేసు పెట్టింది. ఒకవైపు తెలంగాణ సిట్, ఇంకోవైపు ఆంధ్రప్రదేశ్ సిట్. ‘మా డేటా’ అని రెండు పక్షాలూ కొట్టుకున్న ఆ సరుకు ఎవరిదండీ?

అదే ఏడాది ఆగస్టు 15న ప్రభుత్వ గ్రామ, వార్డు వాలంటీర్లు వచ్చారు, యాభై ఇళ్లకొకరు. చాలాచోట్ల వాళ్ల యాభై ఇళ్లకూ ఒక వాట్సాప్ గ్రూపు. పని జరిగేది, నేను కాదనను. వర్షంలో కూడా పెన్షన్ తెచ్చి ఇచ్చిన పిల్లలున్నారు. కానీ ఆ యాభై ఇళ్లలో ఎవరి కథేమిటో మొత్తం ఒక్క ఫోనులోకి చేరింది. 2023 జులైలో ఏలూరు సభలో పవన్ కల్యాణ్ గారు ఈ డేటా ఎటు పోతోందని గట్టిగానే ప్రశ్నించారు. ఇప్పుడాయన ఉప ముఖ్యమంత్రి. ప్రశ్న అడిగినాయన దగ్గరే జవాబు కూడా ఉండాలి కదా? 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లను పెన్షన్ల పంపిణీ నుంచి తప్పించి, వాళ్లకిచ్చిన ఫోన్లు, పరికరాలు జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించమంది. పరికరాలు వెళ్లాయి సరే, సొంత ఫోన్లలోని గ్రూపులేమయ్యాయి?

2023 ఏప్రిల్‌లో వైఎస్సార్‌సీపీ ‘జగనన్నే మా భవిష్యత్తు’ అంటూ తలుపులకు, ఫోన్లకు స్టిక్కర్లు అంటించింది, ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇమ్మంది. కొన్ని నెలలకే తెలుగుదేశం ‘బాబు ష్యూరిటీ – భవిష్యత్తుకు గ్యారెంటీ’ అని ఇంటింటికీ తిరిగి కుటుంబాలను నమోదు చేసుకుంది. మా భవిష్యత్తు మీద ఇద్దరికీ ఎంత శ్రద్ధో! స్టిక్కర్ వద్దన్న ఇల్లు వీధంతటికీ కనబడుతుంది. మిస్డ్ కాల్ ఇచ్చిన నంబరు ఎక్కడో జాబితాలో కూర్చుంటుంది. ఓటు రహస్యమని అట్టపెట్టె చాటున వేయించి, దానికి ఏడాది ముందే తలుపు మీద రాయించుకుంటే ఇక రహస్యమెక్కడిది? చివరికి 2024 మే 2న ఎన్నికల సంఘమే అన్ని పార్టీలకూ చెప్పాల్సి వచ్చింది, ఎన్నికల తర్వాత ఇస్తామనే పథకాల పేరుతో ఓటర్ల వివరాలు నమోదు చేసుకోవడం తక్షణం ఆపండని. అప్పటికి మన పోలింగుకు మిగిలింది పదకొండు రోజులు. నమోదైనవి చెరిపేశామని ఆ తర్వాత మీలో ఎవరైనా ఒక్క ప్రకటన ఇచ్చారా?

నంద్యాలవాళ్లకు ఇంకొకటి కూడా గుర్తు చేయాలి. 2017 ఆగస్టు 23న నంద్యాల ఉప ఎన్నిక పోలింగు. భూమా నాగిరెడ్డి గారి మరణంతో వచ్చిన ఆ ఎన్నికలో రాష్ట్రం మొత్తం ఇక్కడే మకాం వేసింది. ఎవరి ఓటు ఎటన్నది ఇంటింటి లెక్క తీసి కాగితాల మీద రాసుకున్నారు. పోలింగు ముగిసిన మర్నాడే, ఆగస్టు 24న, సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు: వ్యక్తిగత గోప్యత ప్రతి పౌరుడి ప్రాథమిక హక్కు. మనమంతా ఏజెంట్లు చెప్పే అంకెలు కూడుకుంటూ ఆ కబురు పట్టించుకోలేదు.

ఆ తీర్పులో ఒక తెలుగు న్యాయమూర్తిని గౌరవంగా తలుచుకున్నారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు. 1962లో ఖరక్ సింగ్ అనే ఆయన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషి. అయినా పోలీసులు రౌడీషీటు లాంటిది తెరిచి, అర్ధరాత్రి తలుపు కొట్టేవారు, ఎక్కడికి వెళ్లినా వెంట కనిపెట్టేవారు. మిగతా న్యాయమూర్తులు తలుపు కొట్టడం తప్పని, వెంటపడి చూడటం మాత్రం ఫరవాలేదని అన్నారు. సుబ్బారావు గారు, ఆయనతో కలిసిన జస్టిస్ షా ఒప్పుకోలేదు. కనిపెట్టి చూస్తున్నారని తెలిసిన మనిషి స్వేచ్ఛగా కదలలేడు, కాబట్టి ఆ నిఘా మొత్తం చెల్లదని సుబ్బారావు గారి వాదన. యాభై అయిదేళ్లకు దేశం ఆయన దారికొచ్చింది. రౌడీషీట్ల సంగతి మన ప్రాంతంలో విడమరిచి చెప్పనక్కర్లేదు. కానీ ఏ కేసూ లేని డ్వాక్రా మహిళ కదలికలు కూడా జాబితాలో ఉండటాన్ని ఏమందాం?

ఇక ఫోటోలు. 2020 మేలో ఫేస్‌బుక్ మన దేశంలో ప్రొఫైల్‌కు తాళం వేసుకునే వీలు తెచ్చింది, ముఖ్యంగా ఆడవాళ్ల కోసమని చెప్పింది. స్నేహితులు కానివాళ్లకు ఫోటోలు కనబడవు. మా ఇళ్లలో చాలామంది ఆడపిల్లలు ఆ తాళం వేసుకున్నారు. నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగుకు వచ్చి హాస్టళ్లలో ఉండే అమ్మాయిలయితే ఇంకా జాగ్రత్తగా ఉంటారు. కానీ మీ పేజీలకు తాళం ఉండదు. ఒకటో తారీఖు వస్తే పెన్షన్ ఇస్తూ ఫోటో. ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కు ఇస్తూ ఫోటో, కింద పేషెంటు పేరు, ఊరు, ఎంత డబ్బో, ఒక్కోసారి జబ్బు పేరు కూడా. మంచం దిగలేని మనిషి, పైట సర్దుకునే వీలు కూడా లేని ముసలమ్మ, మీ చేతిలో నోట్లు, మీ ముఖాన నవ్వు. ఆమె వద్దనగలదా? వద్దంటే వచ్చే నెల పెన్షన్ వస్తుందో రాదో అని ఆమెకు తోచదా? ఆ డబ్బు మీ ఇంటిది కాదు. అది ఆమెకు చట్టప్రకారం వచ్చేది. చేతులు మాత్రమే కనబడేలా ఫోటో తీసి పెడితే మీ ప్రచారానికి వచ్చే లోటేమిటి?

గ్రూపుల్లో పడిన ఆడవాళ్ల నంబర్ల సంగతి వేరే చెప్పాలి. గ్రూపులో వేసిన క్షణం నుంచి ప్రతి నంబరూ అందులో ఉన్న ప్రతివాడికీ కనబడుతుంది. ఇప్పుడొక గ్రూపులో 1,024 మంది వరకు పడతారు. పొదుపు సంఘం అమ్మాయికి రాత్రిపూట ‘హాయ్’ అని మెసేజీ వస్తే, ఎవడో ఆమె డీపీ తీసి ఇంకెక్కడో పెడితే, అప్పుడు మీ వాళ్లు ఏమంటారు? "డీపీ ఎందుకు పెట్టుకుందమ్మా" అంటారు. నంబరు పంచింది మీరు, బుద్ధి చెప్పేది ఆమెకా?

వాట్సాప్ మానేయమని కొందరు పెద్దలు సలహా ఇస్తారు. కానీ 2025 జనవరి 30న ప్రభుత్వమే ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి తెచ్చింది. ధ్రువపత్రం కావాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా అందులోనే కానివ్వండి అంటోంది. మంచిదే. ఒక చేత్తో వాట్సాప్‌లోకి పిలిచి, ఇంకో చేత్తో వెళ్లిపొమ్మంటే ఎట్లా?

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మీకు కావలసింది మాకు కబురు అందించడమే అయితే దానికి దారి ఉంది. 2023 సెప్టెంబరులో మన దేశంలో వాట్సాప్ ఛానళ్లు వచ్చాయి. ఇష్టమైనవాళ్లు వచ్చి చేరతారు. ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. ఛానల్ నడిపేవాళ్లకు కూడా, ముందే పరిచయం లేనివాళ్ల నంబరు కనబడదు. ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. నీళ్ల కబురు, యూరియా కబురు, మీ నాయకుడి పుట్టినరోజు, అన్నీ అందులో నిక్షేపంగా పెట్టుకోవచ్చు. మీ రాష్ట్ర నాయకులు ఛానళ్లు వాడుతూనే ఉన్నారు. ఊరి దగ్గరికి వచ్చేసరికి గ్రూపే ఎందుకు కావాలి? ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరు చూశారు, ఎవరు దండం బొమ్మ పెట్టలేదు అన్నవి ఛానల్‌లో తెలియవు గనకే కదూ? ఇది కబురు పంపే ఏర్పాటు కాదని, హాజరు తీసుకునే ఏర్పాటని నేనంటే కాదనగలరా?

2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. బాధ్యతలు చాలావరకు నియమాలు వచ్చిన పద్దెనిమిది నెలలకు గానీ అమల్లోకి రావు. ఏ పనికి అడిగారో చెప్పి, మనిషి ఇష్టపడి ఇచ్చిన సమ్మతి ఉండాలని, ఇచ్చినంత తేలికగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలని ఆ చట్టం అంటుంది. నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు అందులో మినహాయింపు ఉంది. రాజకీయ పార్టీలకు ప్రత్యేకంగా మినహాయింపేమీ రాయలేదు. తారీఖు వచ్చేదాకా ఆగాల్సిన పని మీకు లేదు. చట్టాలు చేసే సభలకు మనుషుల్ని పంపేది మీరే గదా.

అందుకని అడుగుతున్నాను. ఈ రెండు నియోజకవర్గాల్లో మీ పేరుతో నడుస్తున్న ప్రతి గ్రూపునూ ఛానల్‌గా మార్చండి, లేదా మూసేయండి. నంబర్లు ఎక్కడినుంచి వచ్చాయో మీ మండల బాధ్యుడి సంతకంతో చెప్పండి. 2019, 2024 ఎన్నికలకు పోగేసిన జాబితాలు ఇంకా ఎవరి దగ్గరున్నాయో చెప్పండి. సాయం తీసుకున్నవాళ్ల ముఖాలు, జబ్బులు మీ పేజీలనుంచి తీసేయండి, పాతవి కూడా. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల ఫోటో పెట్టేముందు తల్లినో తండ్రినో అడగండి.

ఈసారి ఓటడగడానికి మా వీధికి వచ్చినప్పుడు కాలువ గురించి, రోడ్డు గురించి ఎలాగూ అడుగుతాం. దాంతో పాటు ఇదీ అడుగుతాం. "సెట్టింగు మార్చుకో" అన్న పాత జవాబే మళ్లీ చెబుతారా, లేక మా నంబరు మీకు ఎవరిచ్చారో పేరు చెబుతారా?

ఇట్లు,
ఆళ్లగడ్డ నియోజకవర్గ ఓటరు